కొలతకు సరిపోయిన వార్త

మార్చి పదకొండు, శుక్రవారం. ఆ పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పెద్దాయన ఒక్కరే రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం నారింజ పండు తిన్నారు. ఆయన చనిపోయినట్టు ఆనాటి పేపర్లో అయిదో పేజీలో వచ్చింది. పోయిన మనిషికి అంత ఆకలి వేయడం ఆ పూట ఆ ఇంటికి దక్కిన మొదటి అదృష్టం.

ఆ పేపరు పెట్టింది ఆయనే. ఇప్పుడు దానికి సంపాదకురాలు ఆయన చిన్న కోడలు. ఆ ఊళ్ళో అంతకు ముందు ఏ దినపత్రికలోనూ ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. ఆమె కూర్చుని ఎనిమిది నెలలైంది. మామగారిని బతికుండగానే సాగనంపిన కోడలిని ఇప్పుడే చూస్తున్నామని పక్కవీధిలో ఎవరో అన్నారట. ఆ మాట పాలవాడి కన్నా ముందే ఇంటికి చేరింది.

రోజూ గడ్డం గీయడానికి వచ్చే మనిషి గేటు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి చూశాడు. పెద్దాయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. అతను, ఇవాళ పని ఉండదనుకుని పెట్టె తేలేదని నసిగి, ఇంటికి పరుగెత్తి పెట్టె తెచ్చుకున్నాడు. తరవాత రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన పెద్ద పూలగుత్తితో వచ్చాడు. దాన్ని ఏం చెయ్యాలో తోచక పెద్దాయన చేతిలోనే పెట్టి, మీకోసమే తెచ్చానండీ అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

పెద్దాయన అందరికీ తల ఊపారు. గడ్డం గీయించుకున్నారు. పూలు అందుకున్నారు. నోరు మాత్రం విప్పలేదు. ఒళ్ళో మడత పెట్టిన పేపరు అలాగే ఉంది.

ఫోన్ దగ్గర చిన్న కొడుకు కూర్చున్నాడు. అతను పళ్ళ డాక్టరు. ఇంటి ముందు వైపే క్లినిక్కు. ఊరందరి నోళ్ళూ తెరిపించే మనిషి, తను తెరవాల్సి వస్తే మాత్రం మాటలు వెతుక్కుంటాడు. "లేదండీ, ఉన్నారు. అంటే, లేరని కాదండీ, ఉన్నారు," అని ఆ పొద్దున ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

భార్య తెల్లవారకముందే ఆఫీసుకు పరుగెత్తింది. సాయంత్రం అయిదింటికి ఇంటికి వచ్చేసరికి ఆమె వెనకే బావగారూ వచ్చాడు. బావగారంటే పెద్దాయన పెద్ద కొడుకు. పత్రిక వ్యాపారం, ప్రకటనలు చూసుకునేది అతనే. భాగస్వాముల్లో ఒకడు. వస్తూనే భోజనాల బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి పెట్టాడు.

జరిగినదంతా ఆ కాగితంలో ఉంది, ఒక్క ముక్క తప్ప.

పెద్దవాళ్ళు పోయినప్పుడు రాత్రికి రాత్రి ఏడుస్తూ రాసిన రాతలో తప్పులుంటాయని, మనిషి బాగున్నప్పుడే నిదానంగా నివాళి రాసి ఉంచాలని ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టింది కూడా పెద్దాయనే. అలా రాసినవన్నీ కంపోజు చేసి, అచ్చు అక్షరాల దిమ్మలకు దారం కట్టి, ఒక అరలో పెడతారు. అందులో పెద్దాయనదీ ఉంది. నిరుడు కోడలే రాసింది.

నిన్న సాయంత్రం ఆయనకు ఆయాసం వచ్చింది. డాక్టరును పిలిచారు. కోడలు మిగతా పేజీలన్నీ చూసి సంతకాలు పెట్టి ఇంటికి వచ్చేసింది. ఆమె వచ్చాక అయిదో పేజీలోంచి ఒక సబ్బుల కంపెనీ తన ప్రకటన వెనక్కి తీసుకుంది. పేజీలో దాదాపు సగం ఖాళీ.

పేజీలు కట్టే మనిషిని ఆఫీసులో మేస్త్రి అంటారు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు వార్త పక్కన వార్త పేరుస్తాడని ఆ పేరు. ఖాళీని కొలిచాడు, అరలో చెయ్యి పెట్టాడు, కొలతకు సరిపోయే దిమ్మ ఒకటి దొరికింది. పైన 'అక్షరానికి కాపలా కాసిన మనిషి' అని ఉంది. పోయిన వారమే ఆఫీసులో పెద్దాయన పుట్టినరోజు చేశారు, అప్పుడు మిగిలిపోయిన అభినందన కాబోలు అనుకున్నాడు. చివరి పేరా దాకా చదవలేదు. చదివితే అందులో 'నిన్న కన్నుమూశారు' అని ఉంది.

కాగితంలో లేని ముక్క ఇది. మేస్త్రి ఆ దిమ్మ తీసే ముందు ఇంటికి ఫోన్ చేశాడు. లోపల డాక్టరు మామగారి వీపు మీద గొట్టం పెట్టి వింటున్నాడు. కోడలు రిసీవరు చెవికి ఆనించి, కళ్ళు ఆ గదివైపే పెట్టి, "ఏది సరిపోతే అది పెట్టండి మేస్త్రీ, నేను చూడక్కర్లేదు," అంది. ఆమె చూడకుండా ఏదీ అచ్చుకు పోకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమమే.

ఆ సంగతి తెలిసింది వాళ్ళిద్దరికే. పొద్దున్నుంచి మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

"చూడమ్మా," అన్నాడు బావగారు. "రేపు పదింటికి భాగస్వాములం కూర్చుంటున్నాం. మేస్త్రిని తీసేశామని, తప్పు అతనిదని నువ్వు సంతకం పెడితే కుర్చీ నీకుంటుంది. లేకపోతే నేను కూడా ఆపలేను."

ఆమె కాగితం చదివింది. అక్షరం తప్పు ఒకటి కనిపిస్తే అలవాటు కొద్దీ గోటితో గీత పెట్టింది. సంతకం పెట్టలేదు.

అన్నయ్య ఆపలేనంటాడేగాని, ఆపే ఉద్దేశం ఏనాడు ఉందని తమ్ముడు అడిగాడు. ఈ కుర్చీ ఆమెకు ఇవ్వొద్దని భాగస్వాముల గుమ్మాలు ఎక్కి దిగింది ఎవరని కూడా అడిగాడు. అన్నయ్య తగ్గలేదు. ఎనిమిదింటికి ఇల్లు చేరే సంపాదకులు లోకంలో ఎక్కడా ఉండరన్నాడు. ఇల్లు చేరింది ఎవరి తండ్రి కోసమని తమ్ముడన్నాడు. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది.

"ముందు నాన్న చేత మాట్లాడించు అన్నయ్యా. పొద్దున్నుంచి ఒక్క మాట లేదు."

"ఏం మాట్లాడతాడురా? తన చావు తనే చదువుకున్న మనిషి!"

తమ్ముడు భార్య వైపు తిరిగాడు. "నీకంటే నా పనే నయం. నేను ఒక పన్ను బదులు ఇంకోటి పీకితే ఒక్కడే అరుస్తాడు."

ఆమెకు నవ్వు రాబోయింది. ఆ రోజు మొత్తంలో ఆమె ముఖం కాస్త వదులైంది అప్పుడే. అతను ఆ మాట అందుకోసమే అన్నాడని ఆమెకు తెలుసు. అలాంటి మొగుడు దొరికినందుకు ఆమె ఎవరికీ చెప్పకుండా కృతజ్ఞతగా ఉండేది.

ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. మిగతా భాగస్వాములతో మాట్లాడటానికి బావగారు క్లినిక్కులో ఉన్న ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. గంటలో వస్తాను, ఈలోగా ఆలోచించుకో అన్నాడు.

ఆమె ముందుగదిలోకి వెళ్ళి మామగారి కుర్చీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. క్షమించమని ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది. నోరు తెరిచేలోగా ఆయనే మాట్లాడారు.

"పొద్దున చదవలేదేం?"

ఆమెకు అర్థం కాలేదు.

"పేపరు. పొద్దున చదవకుండా వెళ్ళిపోయావు."

అప్పుడు తట్టింది. ఆయన కళ్ళు మసకబారి మూడేళ్ళయింది. మనుషుల్ని పోల్చుకోగలరుగాని అక్షరం కనిపించదు. రోజూ పొద్దున టీ తాగుతూ కోడలు పేపరు మొదటి ప్రతి చదివి వినిపిస్తుంది. తప్పు వినిపించిన చోట ఆయన చూపుడువేలు ఎత్తుతారు. ఇవాళ ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఆ కంగారులో అది ఎవరికీ గుర్తు రాలేదు. ఇంట్లోవాళ్ళు కూడా ఆయన చదివేసి బాధపడుతున్నారనుకున్నారు. ఆయనేమో చదివిపెట్టే మనిషి కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఊరంతా చదివారు," అన్నారాయన. "నేనొక్కణ్ణే మిగిలాను."

"మావయ్యగారూ, అది..."

"పోయానని తెలుసులే. పూలు తెచ్చారు కదా. ఎలా పోయానో చదువు."

ఆమె పేపరు విప్పింది. మొదటి వాక్యం దాటేసరికే ఆయన వేలు లేచింది. 'మహోన్నత వ్యక్తి' తీసెయ్యమన్నారు, తన ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలేనట. ఆమె చదువుతూ పోయింది. కొత్త కోడలు ఊసుపోక గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటే ప్రూఫు కాగితాలు ఒళ్ళో పడేసి, దిద్దమ్మా నిద్ర రాదు అన్న సంగతి ఉంది. వంటలూ కుట్లూ ఉన్న పేజీ ఆమెకు ఇద్దామని అందరూ అంటే, ఆయన పురపాలక సంఘం సమావేశాలకు పంపిన సంగతి ఉంది. అక్కడి సభ్యులు వచ్చి, ఆడపిల్ల ఎదురుగా తిట్టుకోలేకపోతున్నాం, మగవాణ్ణి పంపండి అని మొర పెట్టుకున్నారు. అందుకే పంపానని ఆయన అన్నారు. అది విని పెద్దాయన భుజాలు కదిలాయి. నవ్వుకి దగ్గు కలిసింది.

తరవాతి పేరా దగ్గర ఆమె చదువు నెమ్మదించింది.

"'ఈ మాటలు రాస్తున్న మనిషి ఉద్యోగంలో చేరేనాటికి ఆఫీసులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఆయన తన గదిలో ఉన్నదాని తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టి, తాను ఎదురుగా ఉన్న టీ దుకాణం వెనక్కి నడిచి వెళ్ళేవారు. వానలోనూ వెళ్ళేవారు. డాక్టరు నడవమన్నాడని అందరికీ చెప్పేవారు. అలా ఎన్నో ఏళ్ళు.'"

వేలు లేచింది. ఆయన ముఖం మాత్రం కిటికీ వైపు తిరిగింది.

"ఎదురుగా కాదు. టీ కొట్టువాడు రానివ్వలేదు. విత్తనాల కొట్టు వెనక."

"నాకు తెలియదు మావయ్యగారూ."

"తెలియనిది రాయకూడదు." ముఖం ఇటు తిప్పకుండానే అన్నారు, "నీకు తెలుసనే నాకు తెలియదు."

చివరి దాకా చదివింది. కన్నుమూశారన్న వాక్యం దగ్గర ఆగితే, కానియ్యమన్నట్టు చెయ్యి ఊపారు. అయిపోయాక పేపరు మడిచింది. ఆమె ఏడుస్తోంది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేయబోయి, సరిగ్గా కనిపించక, భుజం మీద వేశారు.

"మీ అత్తయ్య పోయిన రోజు నేనూ రాశాను. పదకొండు పంక్తులు. బాగానే కుదిరిందనుకున్నాను. ఆవిడకి ముందే చదివి వినిపించాలని తోచలేదు, తోచినా సిగ్గుపడేవాణ్ణి. ఆవిడ వినకుండానే పోయింది. నేను విన్నాను. ఎంతమందికి దక్కుతుందమ్మా ఇది?"

ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. కోపగిస్తారనుకుని వచ్చిన చోట ఇది దొరికింది. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"సరే, ఇక అసలు మాట," అన్నారాయన. గొంతు మారింది. అది పాత సంపాదకుడి గొంతు. "నీ సంతకం లేకుండా మేస్త్రి చీమను కూడా అచ్చెయ్యడు. ఏం జరిగింది?"

ఆమె జవాబు చెప్పేలోగా గుమ్మంలో మేస్త్రి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చంకలో ఇత్తడి కొలబద్ద, చేతిలో టిఫిను గిన్నె, ఆఫీసులో తనవంటూ ఉన్నవన్నీ తెచ్చేసుకున్నాడు. లోపలికి రమ్మంటే గడప దాటలేదు.

"కొలత సరిపోయిందట్రా?" అన్నారు పెద్దాయన.

"సరిపోయిందండి పెద్దయ్యగారూ. ఒక్క పంక్తి కూడా తీయలేదు." అలవాటైన గర్వం ఒక్క క్షణం తొంగిచూసింది. వెంటనే తల దించుకున్నాడు.

క్లినిక్కులోంచి బావగారు కూడా వచ్చాడు. మేస్త్రిని చూసి, మంచిదే, నువ్వూ వచ్చావు అన్నాడు. టైపు కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మేస్త్రి దాని వైపు చూడకుండానే, రాసుకోండి బాబుగారూ, అరలో చెయ్యి పెట్టింది నేనే అన్నాడు.

"మేస్త్రీ," అంది ఆమె. "రాత్రి ఫోన్లో నేనేమన్నాను?"

"ఏమన్నారో అమ్మగారూ. లైను సరిగా లేదు."

"లైను బాగానే ఉంది."

"గరగరమందండి."

"ఏది సరిపోతే అది పెట్టండి, నేను చూడక్కర్లేదు అన్నాను. మీరు సరిపోయింది పెట్టారు."

బావగారు కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం లేదు, చిరాకు ఉంది.

"ఈ మాట నా ముందు అనకుండా ఉండాల్సింది. విన్నాక రేపు నేను చెప్పక తప్పదు."

"చెప్పండి బావగారూ. మీకంటే ముందు పేపరే చెబుతుంది."

"కుర్చీ పోతుంది."

"పోవచ్చు."

"నీ ఒక్కదానిదేనా? నువ్వు తీసుకున్న ఆ ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్ళ సంగతి? ఆడవాళ్ళకిస్తే ఇంతేనని పాతికేళ్ళు చెప్పుకుంటారు. ఇంకో ఆడమనిషిని ఆ గది గుమ్మం తొక్కనివ్వరు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పొద్దున్నుంచి ఆమె నోరు కట్టేసింది సరిగ్గా అదే. ఆమె చేతులు చూసుకుంది. వేళ్ళ చివర్లకు సిరా అంటుకుని ఉంది.

"నిజమే," అంది. "కానీ నా తరవాత వచ్చే పిల్లకి కుర్చీతో పాటు ఈ అబద్ధం కూడా అప్పగించాలి. దాన్ని ఎక్కడ దాచుకోమంటాను?"

టైపు కాగితం తిరగేసి, వెనక వైపు తెల్లగా ఉన్న చోట రాయడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు. పైకి చదివింది.

"'నిన్న అయిదో పేజీలో మా వ్యవస్థాపక సంపాదకులు కన్నుమూసినట్టు ప్రచురించాం. వారు క్షేమంగా ఉన్నారు. చూడకుండా వేయమన్నది సంపాదకురాలు. తప్పు ఆమెది.'"

"'క్షేమంగా' కొట్టెయ్," అన్నారు పెద్దాయన. "దగ్గుంది. 'బతికే ఉన్నారు' అని రాయి. అంతకు మించి హామీ ఇవ్వకు."

మేస్త్రి గడప దగ్గర నవ్వబోయి, నవ్వు రాక, టిఫిను గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆమె దిద్దింది. దిద్ది, దాన్ని అతనికి ఇచ్చింది. మొదటి పేజీలో, కింద కాదు, పైన అంది. ఎంత జాగా పడుతుందో అతను కాగితం చూసి చెప్పేశాడు. కొలబద్ద మళ్ళీ చంకలోంచి చేతిలోకి వచ్చింది.

పళ్ళ డాక్టరు ఏమీ అడగలేదు. క్లినిక్కు దీపాలు ఆర్పి, స్కూటరు బయటికి తీసి, భార్య శాలువా చేతికిచ్చి, ఎక్కు అన్నాడు. వెనక సైకిలు మీద మేస్త్రి వెళ్ళాడు. వీధిలో ఎవరో కిటికీ తెరిచి చూసి మళ్ళీ వేసుకున్నారు.

ఇంట్లో తండ్రీ పెద్ద కొడుకూ మిగిలారు. ఎన్నో ఏళ్ళుగా ఈ ఇంటికి పని మీద తప్ప రాని కొడుకు. తండ్రిని చెయ్యి పట్టుకుని పడకగదిలోకి నడిపించాడు. దిండ్లు ఎత్తుగా పెట్టాడు, ఆయాసానికి అలా ఉంటే మంచిదని అతనికి గుర్తుంది. దుప్పటి కప్పాడు.

"నాన్నా, రేపు నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వు భాగస్వామివి. నేను పోయినవాణ్ణి. నన్నడగకు." కళ్ళు మూసుకునే అన్నారు. "అమ్మాయి చదివేటప్పుడు నువ్వు ఫోన్లో ఉన్నావు. అందులో కాగితం దొరకని ఏడాది సంగతి ఉంది, అది చదువు. నాకు మళ్ళీ వినాలనుంది."

పెద్ద కొడుకు ఆ వ్యాసంలో పొద్దున చూసింది తలకట్టూ చివరి పేరా మాత్రమే. ఆ రెండూ చూశాక మిగతాది చదివే ఓపిక లేకపోయింది. ఇప్పుడు దీపం కింద పేపరు పట్టుకుని, ప్రకటనల చిట్టా చదివినట్టు చప్పగా మొదలుపెట్టాడు.

"'కాగితం దొరకని ఆ ఏడాది ఈ పత్రిక ఆగిపోకుండా నిలిచిందంటే అది రాసేవాళ్ళ గొప్ప కాదు. ఆయన పెద్ద కొడుకు అప్పుడు చదువు మానేసి, సైకిలు మీద దుకాణం దుకాణానికి తిరిగి ప్రకటనలు తెచ్చాడు. మా జీతాలు ఆ సైకిలు మీద వచ్చాయి. ఆ సంగతి ఈ పత్రికలో ఎవరూ ఏనాడూ రాయలేదు...'"

అక్కడ పైకి చదవడం ఆపాడు. మిగిలిన ముక్క లోపల్లోపలే చదువుకున్నాడు. వ్యాసం కింద ఆమె రాసిన తారీఖు కూడా పొరపాటున అచ్చయింది. నిరుడు జూన్. ఆమెకు ఆ కుర్చీ దక్కకూడదని అతను ఒక్కొక్క భాగస్వామి ఇంటికీ వెళ్ళి కూర్చున్న నెల అది. ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలుసు.

"ఆగావేం?" అన్నారు తండ్రి, నిద్రమత్తులో.

కొడుకు మొదటినుంచి మళ్ళీ చదివాడు. ఈసారి చివరి దాకా చదివాడు. అప్పటికి ముసలాయన ఊపిరి సన్నగా, సమంగా నడుస్తోంది. నిన్నటి గరగర లేదు.

అతను పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రెస్సులో మేస్త్రి ఆ నాలుగు వాక్యాలూ కూర్చుతూ ఉంటాడు. రేపు పదింటికి భాగస్వాములందరూ తన నోటివైపే చూస్తారు. ఏం చెప్పాలో పొద్దున్నుంచి అతనికి కంఠతా ఉంది. ఇప్పుడు వెతుక్కుంటే అందులో మొదటి మాట కూడా దొరకలేదు.

లేచాడు. చెప్పులు చేతిలో పట్టుకుని గది దాటి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.